తలుపు వద్దన్న మనిషి

"చంపలేదని నువ్వంటే సరిపోతుందా? మనిషెక్కడున్నాడో చెప్పు."

"నాకు తెలిస్తే ఇక్కడెందుకుంటాను? అక్కడే ఉండేదాన్ని కదా!"

గుమ్మం దాకా వచ్చిన డిటెక్టివ్ ఆ జవాబు విని ఆగిపోయింది. అబద్ధం చెప్పేవాళ్లు భయపడుతూ చెబుతారు, లేదంటే వినయంగా చెబుతారు. ఇంత ఒళ్లుమండి చెప్పరు.

విచారణ గదిలో బల్లకి అటువైపు పంతొమ్మిదేళ్ల పిల్ల కూర్చుని ఉంది. ఒంటి మీద మోకాళ్ల దాకా వేలాడే మగవాళ్ల కోటు. కుడి అరచేతికి గుడ్డ కట్టు. ఇల్లూ వాకిలీ లేవు, బస్టాండులో పడుకుంటుంది. తినేదాంట్లో సగం ఏ బెంచీ సందులోనో, ఏ గోడ కన్నంలోనో రేపటికని దాచుకుంటుంది కాబట్టి అక్కడి పోర్టర్లు ఆమెకి ఉడుత అని పేరు పెట్టారు. అసలు పేరు అడిగితే చెప్పదు.

ఇటువైపు కూర్చున్నది క్రైమ్ ఇన్‌స్పెక్టర్. ఆయన ఎదురుగా లేనప్పుడు డిపార్టుమెంటులో అందరూ ఆయన్ని "మూత" అంటారు. ఏ కేసు చేతికిచ్చినా వారం తిరక్కుండా మూత పెట్టేస్తాడు. లోపల ఉడికిందా లేదా అన్నది ఆయనకి పట్టదు.

"రండి రండి," అన్నాడు మూత కుర్చీలోంచి లేవకుండానే. "తప్పిపోయినవాళ్లను వెతికే విభాగం వారు దయచేశారు! కాస్త ఆలస్యమైంది మేడమ్. ముసలాయన తప్పిపోలేదు. పోయాడు."

"శవం దొరికిందా?"

"దొరుకుతుంది."

"దొరికేదాకా ఆయన నా మనిషే. ఇంటామె ఫిర్యాదు చేసింది నా దగ్గర."

మూత కేసంతా రెండు ముక్కల్లో తేల్చేశాడు. ముసలాయన ఒంటరివాడు. ఆరు నెలల క్రితం బస్టాండుకి దగ్గర్లో ఒక మేడ మీది గది అద్దెకి తీసుకున్నాడు. ఎక్కడినుంచి వచ్చాడో ఎవరికీ తెలియదు. మొన్న పొద్దున్న బయటికెళ్లినవాడు తిరిగి రాలేదు. రాత్రి పైన చప్పుడైందని ఇవాళ తెల్లవారాక ఇంటామె వెళ్లి చూసింది. ఈ పిల్ల ఆయన గదిలో ఉంది.

"పగిలిన కిటికీ, నేల మీద రక్తం, ఊడిపోయిన తలుపు, ఒంటి మీద ఆయన కోటు. ఇంకేం కావాలి? చంపుతుండగా తీసిన ఫోటోనా? దీనికి నిలువ నీడ లేదు, ఆయనకో గది ఉంది. సాయంత్రం కోర్టు లేచేలోగా ప్రవేశపెట్టేస్తాను."

"మీ భోజనం అయిందా?"

"ఇంకా లేదు."

"చేసి రండి. ఈలోపు నేను ఈ అమ్మాయితో మాట్లాడతాను."

మూత నవ్వి, టోపీ తీసుకుని వెళ్లాడు. డిటెక్టివ్ ఆయన కుర్చీలో కూర్చోలేదు. దాన్ని బల్ల చుట్టూ లాక్కొచ్చి ఉడుత పక్కన వేసుకుంది.

"చెయ్యెలా తెగింది?"

"కిటికీ అద్దం."

"కిటికీ ఎందుకు పగలగొట్టావు?"

"వీధి తలుపు ఎంత బాదినా ఆ ఇంటామె తియ్యలేదు. నా మొహం చూస్తే అసలే తియ్యదు. గొట్టం పట్టుకుని ఎక్కాను."

"లోపల ఏం వెతికావు?"

"ఇంకేం వెతుకుతాను? తాతయ్యని! మంచం కింద కూడా చూశాను." ఉడుత తల తిప్పుకుంది. "పడిపోయి ఉంటాడేమో, లేవలేకపోతున్నాడేమో అనుకున్నా. లేడు. అక్కడే కూర్చుండిపోయా. నిద్రపట్టేసింది. లేచేసరికి ఇంటామె చీపురుతో నిలబడి ఉంది."

"మరి కోటు?"

"ఆయనే కప్పాడు." ఆ పిల్ల కోటు అంచుని గట్టిగా పట్టుకుంది, ఎవరో లాక్కుంటారన్నట్టు. "మొన్న పొద్దున్న రోజూలాగే రొట్టె తెచ్చాడు. బెంచీ మీద కూర్చుని చెరి సగం తింటున్నాం. ఉన్నట్టుండి ఆయన నమలడం ఆపేశాడు. రోడ్డు అవతల ఎవడో మనిషిని చూస్తున్నాడు. మనిషినేం ఖర్మ, దెయ్యాన్ని చూసినట్టు చూశాడక్కా! తన రొట్టె నా చేతిలో పెట్టి, కోటు విప్పి నాకు కప్పి, 'ఇక్కడే ఉండు తల్లీ, వచ్చేస్తా' అన్నాడు. రోడ్డు దాటి, మూతపడ్డ లాండ్రీ ఉంది చూడు, ఆ సందులోకి వెళ్లాడు."

"నువ్వు వెనకాల వెళ్లలేదా?"

"ఇక్కడే ఉండమన్నాడుగా!"

ఆ పిల్ల అరచేతి కట్టు కొస పీకడం మొదలుపెట్టింది. డిటెక్టివ్ తొందరపెట్టలేదు.

"పొద్దుగూకేదాకా కూర్చున్నా. నిన్నంతా కూర్చున్నా. మా పిన్ని కూడా ఇలాగే, 'ఇక్కడే ఉండవే, వచ్చేస్తా' అని ఒక బస్టాండులో కూర్చోబెట్టి పోయింది. ఈయనా అంతేనేమో అనుకున్నా. కానీ కోటు ఇచ్చి పోతారా ఎవరైనా? వదిలేసి పోయేవాళ్లు ఉన్నది పట్టుకుపోతారు గానీ."

"ఇదంతా ఇన్‌స్పెక్టర్‌కి చెప్పావా?"

"చెప్పాను. నవ్వాడు. కానిస్టేబుల్ని పంపించాడంట లాండ్రీకి. తాళాలు వేసి ఉన్నచోట తాళాలు చూశాడంట. తక్కినచోట బయటినుంచి 'ఎవరైనా ఉన్నారా' అని అరిచాడంట. ఎవరూ పలకలేదంట."

"మీ తాతయ్య ఎలాంటి మనిషి?"

ఉడుత మొహంలో మొదటిసారి కాస్త వెలుగొచ్చింది. "మంచోడే గానీ విచిత్రం మనిషి. ఏమీ అడగడు. నా పేరు చెప్పనన్నా. 'వద్దులే తల్లీ, పేరు లేకుండా కూడా బతకొచ్చు, నాకు తెలుసు' అన్నాడు. తన సంగతి చెప్పడు. తన గురించి ఎవరికీ చెప్పొద్దన్నాడు. అన్నిటికంటే విచిత్రం తలుపులు."

"తలుపులా?"

"ఏ తలుపు దగ్గరికెళ్లినా పక్కకి జరిగి నిలబడతాడు. నేను తియ్యాలి. పెద్దమనుషులు ఆడవాళ్లకి తలుపు తీసి పట్టుకుంటారంటారు కదా, ఈయనది రివర్సు! బద్ధకం అనుకున్నా. ఓసారి రొట్టెల కొట్టు ముందు నేనూ మొండికేసి నిలబడ్డా. ఆయనా నిలబడ్డాడు. ఎంతసేపని! చివరికి కొట్టువాడే వచ్చి, 'ఏంటీ, నా కొట్టుకి కాపలా కాస్తున్నారా' అని తీశాడు."

తలుచుకుని ఉడుత కిసుక్కున నవ్వింది. డిటెక్టివ్ నవ్వలేదు. చేతిలోని పెన్సిలు బల్ల మీద పెట్టి లేచింది.

"పద. ఆ గది చూద్దాం."

*

భోజనం సగంలో లేచి రావలసి వచ్చినందుకు మూత మొహం ముటముటలాడుతోంది. ఇంటామె మెట్లెక్కుతూనే అందుకుంది. "ఇన్నాళ్లుగా గదులు అద్దెకిస్తున్నానమ్మా. సున్నం వెయ్యమన్నవాళ్లున్నారు, కుళాయి బాగుచెయ్యమన్నవాళ్లున్నారు. తలుపు వద్దన్న మనిషిని మాత్రం ఈయన్నే చూశాను."

మూత మెట్ల మధ్యలో ఆగాడు. "ఏమన్నారు? తలుపు ఊడబెరికింది ఈ పిల్ల కాదా?"

"ఇదా? దీని మొహం! ఆ తలుపు మొయ్యడానికే ఇద్దరు కావలసి వచ్చింది. ఆయన దిగిన రోజే వడ్రంగిని పిలిపించి తీయించాడు. గుమ్మానికి అడ్డంగా గుడ్డ కట్టుకున్నాడు."

"ఈ సంగతి పొద్దున్నే చెప్పొద్దూ?"

"మీరు అడిగారా? వచ్చీ రాగానే 'చూశారా, తలుపు ఎలా పీకిందో' అన్నారు. పోలీసువారికి ఎదురు చెప్పడం ఎందుకని ఊరుకున్నాను."

డిటెక్టివ్ నవ్వు ఆపుకుని గదిలోకి వెళ్లింది. తలుపు గోడకి ఆనించి ఉంది. దాని మరలన్నీ కిటికీ పక్కన ఒక డబ్బాలో పోసి ఉన్నాయి. పీకేసిన మనిషి మరలు దాచడు. నేల మీద రక్తం నాలుగైదు చుక్కలు, అన్నీ కిటికీ కిందే, పిల్ల చెయ్యి తెగి లోపలికి దూకిన చోట. పట్టపగలు కూడా దీపం వెలుగుతోంది.

"ఈ దీపం ఎవరు వేశారు?"

"అదో గోల. రాత్రింబవళ్లు ఆర్పడు. అడిగితే చీకట్లో నిద్రపట్టదంటాడు, చంటిపిల్లాడిలాగా."

మంచం కాళ్ల దగ్గర దుప్పటి చిన్న చతురస్రంలా మడిచి ఉంది. దాని మీద తువ్వాలు. తువ్వాలు మీద పళ్లెం, పక్కన బోర్లించిన గ్లాసు. గోడకి మేకులున్నాయి గానీ ఒక్కదానికీ చొక్కా తగిలించలేదు. ఎవరో వచ్చి తనిఖీ చేస్తారన్నట్టు ఉంది గదంతా.

డిటెక్టివ్‌కి ఈ వరస చిన్నప్పటినుంచి తెలుసు. ఆమె తండ్రి జైలు వంటశాలలో పనిచేశాడు. క్వార్టర్స్ పెద్ద గేటుకి ఎదురుగానే ఉండేవి. విడుదలైనవాళ్లు చాలామంది మొదట పక్కనున్న టీకొట్టుకి వచ్చేవారు. చలికాలంలో కొట్టు తలుపు దగ్గరగా వేసి ఉంటే, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు. పదేళ్లూ పదిహేనేళ్లూ తలుపు ముట్టుకోని చేతులవి. తండ్రి ఎన్నోసార్లు తింటున్న కంచం ముందు నుంచి లేచి వెళ్లి వాళ్లకి తలుపు తీసి వచ్చాడు. ఏమీ అనేవాడు కాదు. వచ్చి మళ్లీ తినేవాడు.

"ఈయన జైల్లో ఉండి వచ్చాడు," అంది. "చాలా ఏళ్లు."

"ఓహో! గ్లాసు బోర్లిస్తే జైలా? మా ఆవిడ రోజూ బోర్లిస్తుంది."

"మీరొచ్చి తలుపు తీసేదాకా మీ ఆవిడ గుమ్మంలో నిలబడుతుందా?"

మెట్ల మీద ఇంటామె దగ్గినట్టు నవ్వింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మీ కానిస్టేబుల్ తాళం ఉన్న గదుల తాళాలు చూశాడు. మనం చూడవలసింది తాళం లేని గదులు."

"తాళం లేని గదిలో రెండు రోజులు ఎవడైనా ఇరుక్కుపోతాడా? నెట్టుకుని బయటికి రాడూ?"

"మీరూ నేనూ వస్తాం. ఈయన రాడు. తలుపు పడితే అది ఎవరో వేశారని కూర్చుంటాడు. ఎవరో తీస్తారని చూస్తుంటాడు."

"కేకేస్తే పలకడానికేం?"

"పిలవకుండా పలికితే జైల్లో ఏం జరుగుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. 'ఎవరైనా ఉన్నారా' అంటే ఆయన్ని పిలిచినట్టు కాదు."

గుమ్మంలో ఉడుత మొహం తెల్లబోయింది. "అంటే తాతయ్య అక్కడే ఉన్నాడా? నేను బెంచీ మీద కూర్చుని ఉంటే, రోడ్డు అవతలే ఉన్నాడా?" అని ఇంక ఎవరి జవాబూ వినకుండా మెట్లు దూకేసింది.

"పారిపోతోంది! పట్టుకోండి!" అన్నాడు మూత.

"పారిపోవడం కాదు, దారి చూపిస్తోంది. పదండి."

*

లాండ్రీ ముందు గేటుకి తుప్పుపట్టిన తాళం ఉంది. సందు వైపు షట్టరు సగం పైకి లేచి ఇరుక్కుపోయి ఉంది. దాని కిందనుంచి వంగి లోపలికి వెళ్లారు. మూత చొక్కా వీపు మీద చిరిగింది, ఆ సంగతి ఎవరూ ఆయనకి చెప్పలేదు. లోపల బట్టలు నానబెట్టే సిమెంటు తొట్లు, విరిగిన రోలర్లు, పొడుగాటి నడవ, నడవకి రెండు వైపులా, బట్టల బళ్లు పోయేందుకు లోపలికీ బయటికీ ఊగే ఇనుప తలుపులు.

డిటెక్టివ్ ఎడమవైపు ఒక్కొక్కటీ నెట్టుకుంటూ వెళ్లింది. మొదటి గది ఖాళీ. రెండో గదిలో పావురాలు. మూడోదానికి తాళం.

"నేను చెప్పలేదూ," అన్నాడు మూత.

"తాతయ్యా!" ఉడుత గొంతు చించుకుని అరిచింది. పావురాలు రెక్కలు కొట్టుకున్నాయి. ఆ చప్పుడు సద్దుమణిగాక నడవ చివరినుంచి, చాలా మర్యాదగా, ఒక గొంతు వినబడింది.

"తల్లీ, నువ్వేనా?"

ఉడుత ఒక్క పరుగున చివరి తలుపు దగ్గరికి చేరింది. "తలుపు తియ్యి తాతయ్యా!"

"మూసి ఉందమ్మా."

ఉడుత భుజంతో నెట్టింది. తలుపు కిర్రుమంటూ వెనక్కి వెళ్లిపోయింది.

ముసలాయన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, చేతులు పక్కకి వేలాడేసి, చొక్కా బొత్తాలన్నీ పెట్టుకుని. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మూలన తొట్టి మీద ఒక కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది, ఆయన ప్రాణం నిలబెట్టింది అదే. తలుపు తెరుచుకోగానే అలవాటు చొప్పున ఒక అడుగు పక్కకి జరిగాడు.

ఉడుత ఆయన గుండెల మీద రెండు పిడికిళ్లతో కొట్టింది. "వచ్చేస్తానన్నావు! వచ్చేస్తానన్నావు కదా!"

"అన్నాను తల్లీ. తీస్తారని చూస్తున్నాను."

ఆ తర్వాత ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు బస్టాండు దాకా వినబడి ఉంటుంది. డిటెక్టివ్ గోడ వైపు తిరిగి నిలబడింది. మూత మాత్రం తలుపు వెనక వంగి చూస్తున్నాడు. గడియ ఉండవలసిన చోట రెండు చిల్లులు తప్ప ఏమీ లేవు.

"గడియే లేదు," అన్నాడు. వేలితో తలుపుని అటూ ఇటూ ఆడించాడు. "గడియే లేదు మేడమ్!"

ఏడుపు ఆగాక ఉడుత కోటు లైనింగులో చెయ్యి దూర్చి, కాగితంలో చుట్టిన రొట్టె ముక్క తీసింది. రాయిలా గట్టిపడిపోయింది.

"నీ సగం. మొన్నటిది. నేను తినలేదు."

ముసలాయన దాన్ని కుళాయి కింద తడిపి, పిల్ల పక్కన తొట్టి అంచున కూర్చుని మెల్లగా తిన్నాడు. అంబులెన్సుకి ఫోన్ చేసి వచ్చాక డిటెక్టివ్ అడిగింది. "ఈ అమ్మాయికి రోజూ రొట్టె ఎందుకు తెచ్చేవారు తాతగారూ?"

"బయటికొచ్చిన రోజు బస్టాండులో విశ్రాంతి గది తలుపు ముందు నిలబడిపోయానమ్మా. జనం నన్ను తోసుకుని పోతున్నారు. ఈ పిల్ల వచ్చి, 'ఏం తాతా, తలుపుకి దణ్ణం పెడుతున్నావా' అని తీసి, నన్ను లోపలికి లాగింది. తనకి గుర్తుండదు."

"నేనా?" అంది ఉడుత. నిజంగానే గుర్తులేదు.

మూత గొంతు సవరించుకున్నాడు. కేసు చేజారినా పెత్తనం చేజారనివ్వడం ఆయనకి ఇష్టం లేదు. "అదంతా సరే పెద్దాయనా. ఏ నేరం మీద లోపలికెళ్లావు?"

ముసలాయన ఆయన వైపు తేరిపార చూశాడు. "మీరు కొంచెం లావయ్యారు బాబూ. అప్పట్లో మీసం ఉండేది."

మూత చెయ్యి తలుపు మీదనుంచి జారింది.

"రంగుల గోడౌను," అన్నాడు ముసలాయన. "నా భాగస్తుణ్ణి లోపల పెట్టి కాల్చేశానన్నారు. శవం గుర్తుపట్టడానికి లేదు, వేలికి వాడి ఉంగరం ఉందన్నారు. వారంలో తేల్చేశారు మీరు."

డిటెక్టివ్‌కి ఆ కేసు గురించి తెలుసు. డిపార్టుమెంటులో అందరికీ తెలుసు. కుర్ర ఎస్సైగా ఇన్‌స్పెక్టర్ పట్టిన మొదటి కేసు అది. మూత అన్న పేరు మొదలైంది అప్పుడే, మొదట్లో పొగడ్తగానే. ఆమె ముసలాయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"మొన్న పొద్దున్న రోడ్డు అవతల ఎవర్ని చూశారు?"

"నేను చంపానన్న మనిషినమ్మా."

"పొరబడి ఉంటావు," అన్నాడు మూత. గొంతులో పస లేదు. "ఇన్నేళ్లయింది. మనిషిని పోలిన మనిషి..."

"ఒకే కొట్లో పక్కపక్కన కూర్చుని పెరిగాం బాబూ. జుట్టు నెరిసింది గానీ నడక మారలేదు. సందులోకి దూరితే వెంటపడ్డాను. ఈ నడవలో వెనక్కి తిరిగాడు. నన్ను పేరు పెట్టి పిలిచాడు. 'నువ్వెప్పుడు బయటికొచ్చావురా' అన్నాడు. అని నన్ను ఈ గదిలోకి తోసి, తలుపు లాగి పోయాడు."

"వాడికి కావలసింది సందు దాటే వ్యవధి," అంది డిటెక్టివ్ నెమ్మదిగా. "మీరు రెండు రోజులిచ్చారు." ఆమె లేచి మూత వైపు తిరిగింది. "ఇన్‌స్పెక్టర్ గారూ, ఆ రోజు గోడౌనులో కాలిపోయింది ఎవరు?"

ఆ ప్రశ్న ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారీ వేసుకోలేదని మొహమే చెబుతోంది.

"ఇంకో మాటమ్మా," అన్నాడు ముసలాయన గొంతు తగ్గించి. "రోడ్డు అవతలనుంచి వాడు కూడా చూసినట్టున్నాడు. నన్నొక్కణ్ణే కాదు. పక్కనున్న ఈ పిల్లని కూడా."

డిటెక్టివ్ ఉడుత భుజం మీద చెయ్యి వేసింది. కోటు లోపల ఆ పిల్ల ఎంత సన్నగా ఉందో అప్పుడు తెలిసింది. "ఈ పూట తాతగారు ఆస్పత్రిలో, కాపలాతో. నువ్వు బస్టాండుకి వెళ్లడానికి వీల్లేదు."

"అంటే మళ్లీ స్టేషనేనా?"

"మా ఇంటికి. రేపు తాతగారు కూడా అక్కడికే. మా వీధి తలుపు ఎప్పుడూ సరిగ్గా మూసుకోదు, ఆయనకి నచ్చుతుంది."

ముసలాయన నవ్వాడు. నవ్వుతుంటే కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.

మాట్లాడుతుండగా ఇనుప తలుపు తన బరువుకి తనే వెనక్కి వచ్చి మూసుకుపోయింది. అందరూ దాని దగ్గరికి వచ్చారు. ముసలాయన మామూలుగానే పక్కకి జరిగాడు. డిటెక్టివ్ చెయ్యి చాచబోతే ఉడుత ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఊహూ. తాతయ్యే తియ్యాలి."

"నేనా తల్లీ?"

"నువ్వే. తొందరేం లేదు. నిలబడతాం."

నిలబడ్డారు. మూత కూడా నిలబడ్డాడు. ముసలాయన అరచెయ్యి ఎత్తాడు, దించాడు, ప్యాంటుకి తుడుచుకున్నాడు. మళ్లీ ఎత్తి ఇనుప రేకు మీద ఆనించాడు. కాసేపు అలాగే ఉంచి, నెట్టాడు.

తలుపు తెరుచుకుంది. నడవ చివర షట్టరు కిందనుంచి మధ్యాహ్నపు ఎండ నేల మీద పరుచుకుని ఉంది. ఉడుత "శభాష్!" అని ఆయన వీపు చరిచి, చెయ్యి పట్టుకుని వెలుతురు వైపు నడిపించుకుపోయింది.

చివరగా బయటికొచ్చిన మూత చెయ్యి, తనకి తెలియకుండానే, వెనకున్న తలుపుని దగ్గరికి లాగబోయింది.

"మూయకండి," అంది డిటెక్టివ్.